గ్లూటెన్ లేని ఆహారంతో బయట భోజనం, ప్రయాణం: కర్నూలు ప్రాంతంలో చిన్న పిల్లలున్న కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

సీలియాక్ వ్యాధి ఉన్న చిన్న పిల్లలతో కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప ప్రాంతాల్లో హోటళ్ళకూ, పెళ్ళిళ్ళకూ, పుణ్యక్షేత్రాలకూ వెళ్ళవలసి వచ్చే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను వైద్యురాలిని కాను. కర్నూలులో సీలియాక్ ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లిని. కనుక చికిత్సకు సంబంధించిన నిర్ణయాలన్నీ మీ బిడ్డను చూస్తున్న వైద్యుల సలహాతోనే తీసుకోండి.

గ్లూటెన్ అంటే ఏమిటి? దానిని పూర్తిగా ఎందుకు మానాలి?

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో ఉండే ఒక రకం ప్రోటీన్‌ను గ్లూటెన్ అంటారు. సీలియాక్ ఉన్నవారు దానిని తిన్నప్పుడు వారి రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు లోపలి పొర మీదనే దాడి చేస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే సన్నని వేళ్ళవంటి నిర్మాణాలు అరిగిపోతాయి. అందువల్లనే పిల్లల్లో ఎదుగుదల ఆగడం, పొట్ట ఉబ్బడం, విరేచనాలు, మందులిచ్చినా తగ్గని రక్తహీనత వంటివి కనిపిస్తాయి. కొందరు పిల్లల్లో కడుపుకు సంబంధించిన లక్షణం ఒక్కటీ ఉండదు, ఎత్తు మాత్రమే పెరగదు. ప్రపంచంలో దాదాపు నూటికి ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. ఇది జీవితాంతం ఉండేది; పెద్దయితే పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. గోధుమ అలర్జీ వేరే వ్యాధి, అది కొందరు పిల్లల్లో వయసుతో తగ్గవచ్చు. రెంటినీ కలిపి మాట్లాడడం వల్ల చాలా ఇళ్ళలో అయోమయం కలుగుతోంది.

అనుమానం ఉంది కదా, పరీక్ష చేయించక ముందే గోధుమ మాన్పించవచ్చా?

మాన్పించకూడదు. టి.టి.జి. అనే రక్తపరీక్ష గానీ, ఎండోస్కోపీతో తీసే చిన్నపేగు ముక్క పరీక్ష గానీ సరైన ఫలితం ఇవ్వాలంటే బిడ్డ అప్పటికి గోధుమ తింటూ ఉండాలి. ముందే మానేస్తే వ్యాధి ఉన్నా పరీక్షలో కనిపించకపోవచ్చు.

మన ప్రాంతంలో బయట తినగలిగినవి అసలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. రాయలసీమ వంటల్లో ఎక్కువ భాగం బియ్యం, జొన్న, సద్ద, కొర్ర, రాగి, వేరుశనగ, పప్పుల మీద ఆధారపడినవి. రాగి సంగటి, నాటుకోడి పులుసు, సెనక్కాయల ఊరిబిండి, కొర్రన్నం, పప్పు, చారు, ఉగ్గాని, ఇడ్లీ, పెరుగన్నం, ఇవన్నీ సంప్రదాయ పద్ధతిలో చేస్తే గోధుమతో పని లేనివే. ఉగ్గానిలో పడేవి బొరుగులు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పసుపు, పుట్నాల పొడి. ఉదయం పూట చిన్న బండి దగ్గర కూడా బిడ్డకు కడుపునిండా పెట్టగల ఆహారం ఇది.

పేరు విన్న వెంటనే వద్దనుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పూరీ, చపాతీ, పరోటా, బొంబాయి రవ్వ ఉప్మా, గోధుమ రవ్వ ఉప్మా, రవ్వ దోశ, రవ్వ ఇడ్లీ, సేమ్యా పాయసం, రవ్వ కేసరి, మైసూర్ బజ్జీ, సమోసా, పానీపూరీ, గులాబ్ జామూన్, జిలేబీ, కాజా, సోన్ పాపిడి, కజ్జికాయలు, ఓళిగలు, ఇవన్నీ గోధుమ లేదా మైదా వంటలే. ఇడ్లీలోకి వాడే ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యంతో చేసినది, దానితో చిక్కు లేదు. నిప్పట్ల విషయంలో జాగ్రత్త పడండి: బియ్యపు పిండితో చేసినట్టే కనిపిస్తాయి గానీ, కరకరలాడడానికి మైదా గానీ బొంబాయి రవ్వ గానీ కలపడం మన వైపు మామూలే. గోబీ మంచూరియా, నూడుల్స్, ఫ్రైడ్ రైస్ అమ్మే బండ్లను పూర్తిగా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. మైదా అలా ఉంచితే, సాధారణ సోయా సాస్ తయారీలోనే గోధుమ ఉంటుంది.

అయితే వంటకం పేరు చూసి ధైర్యపడడం సరిపోదు. దానిలో ఏ పిండి కలిపారు, ఏ పెనం మీద కాల్చారు, ఏ నూనెలో వేయించారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తేనే ఆ పళ్ళెం బిడ్డ ముందు పెట్టవచ్చు. కింది సమాధానాల్లో చాలావరకు ఈ మూడింటి చుట్టూ తిరిగేవే.

సాంబారు, పులిహోర కూడా ప్రమాదమేనా? వాటిలో గోధుమ ఎక్కడిది?

ఇంగువ నుంచి వస్తుంది. మనం దుకాణంలో కొనే ఇంగువ స్వచ్ఛమైన ఇంగువ బంక కాదు. ఘాటు తగ్గించి, వాడుకోవడానికి వీలుగా ఉండేందుకు దానిలో తుమ్మబంక, పిండి కలుపుతారు. ఆ పిండి చాలా బ్రాండ్లలో మైదా లేదా గోధుమ పిండి, కొన్నింటిలో బియ్యపు పిండి. పొడి ఇంగువకైనా, ముద్ద ఇంగువకైనా ఇదే పరిస్థితి. డబ్బా వెనక ఉన్న పదార్థాల పట్టిక చదివితే ఏ పిండో తెలిసిపోతుంది. ఇంటికి బియ్యపు పిండి కలిపిన ఇంగువ కొనుక్కుంటే ఈ సమస్య తీరుతుంది, ఇప్పుడు గ్లూటెన్ లేదని ముద్రించిన ఇంగువ కూడా దొరుకుతోంది.

హోటల్‌లో అలా కుదరదు. సాంబారు, చారు, పులిహోర, దద్ధ్యోజనం, కొన్ని పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు, తయారుగా దొరికే సాంబారు పొడి, రసం పొడి, వీటిలో ఎక్కడైనా ఇంగువ ఉండవచ్చు. గంగాళమంత సాంబారులో పడే చిటికెడు ఇంగువతో ఏమవుతుందని చాలామంది అంటారు. ఒక గ్రాము గోధుమ పిండిలోనే దాదాపు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు మూడు నెలల పాటు వరుసగా కడుపులోకి వెళ్ళినా సీలియాక్ ఉన్నవారి పేగుకు హాని కలుగుతుంది. ఒక్క గరిటె సాంబారులో వచ్చేది అంతకంటే చాలా తక్కువే కావచ్చు, కానీ వంటవారు ఎంత వేశారో, సాంబారు చిక్కబడడానికి ఇంకే పిండి కలిపారో మనం కొలవలేము. అందువల్ల మా ఇంట్లో పాటించే పద్ధతి ఇది: బయట ఇడ్లీ తిన్నప్పుడు సాంబారు ముట్టకుండా, ఇంటి నుంచి తీసుకువెళ్ళిన పప్పుల పొడి, నెయ్యి వేసి పెడతాం. చట్నీ తిరగమోతలో ఇంగువ వేయలేదని వంటవారు ఖచ్చితంగా చెబితే దానిని పెడతాం. పిల్లలు పొడికీ నెయ్యికీ త్వరగానే అలవాటు పడతారు.

దోశ, మిరపకాయ బజ్జీ మాటేమిటి?

దోశ పిండిలో ఉండవలసినవి బియ్యం, మినప్పప్పు, మెంతులు. కొన్ని హోటళ్ళలో ఎర్రగా, కరకరగా రావడానికి మైదా లేదా బొంబాయి రవ్వ కలుపుతారు. పిండి శుద్ధమైనదే అయినా, అదే పెనం మీద అంతకుముందు రవ్వ దోశ, చపాతీ, పరోటా కాల్చి ఉంటే ఆ పిండి రేణువులు దోశకు అంటుకుంటాయి. ఎంత వేడి మీద కాల్చినా గ్లూటెన్ నశించదు. కడపలో కారం దోశ మాత్రమే వేసే చిన్న దోశ బండి, పూరీ, చపాతీ, దోశ అన్నీ ఒకేచోట చేసే పెద్ద హోటల్ కంటే సీలియాక్ ఉన్న బిడ్డకు ఎక్కువ క్షేమం. పెద్ద హోటలే గతి అయితే, పెనం ఒక్కసారి కడిగి వేయమని అడగండి. వీలు కాదంటే ఇడ్లీ తీసుకోండి, అది విడి పాత్రలో ఆవిరి మీద ఉడుకుతుంది కనుక.

బజ్జీ విషయం ఇంకా తేలిక. మిరపకాయ బజ్జీకి వాడే శనగపిండిలో గోధుమ లేదు, కానీ అదే మూకుడులో మైసూర్ బజ్జీ, పూరీ, సమోసా వేయించి ఉంటారు. ఉగ్గాని తినిపించి, పక్కనే వచ్చే బజ్జీని మానడమే సరైనది. బయట వేయించే అప్పడాలకూ, వడలకూ, చికెన్ పకోడీకీ ఇదే నియమం.

జొన్న రొట్టె, రాగి సంగటి నూటికి నూరు పాళ్ళు క్షేమమా?

ధాన్యం క్షేమమే, పిండి విషయమే చూసుకోవాలి. జొన్న పిండికి సాగే గుణం లేదు కనుక రొట్టె తట్టడానికి అనుభవం కావాలి. అది లేనిచోట విరగకుండా ఉండడానికి కొంచెం గోధుమ పిండి కలుపుతారు, లేదా పీట మీద గోధుమ పిండి చల్లి ఒత్తుతారు. చేత్తో తట్టి రొట్టెలు చేసే అమ్మను నేరుగా అడిగితే ఆమె తప్పక నిజం చెబుతుంది. రాగి సంగటిలో సాధారణంగా బియ్యపు నూక, రాగి పిండి తప్ప వేరేది ఉండదు.

అసలు చిక్కు పిండి మర దగ్గర ఉంది. ఒకే మరలో గోధుమలు ఆడించిన తరువాత మన జొన్నలు పోస్తే, రాళ్ళ మధ్య మిగిలిన గోధుమ పిండి మన పిండిలోకి వస్తుంది. ఇంట్లో వాడుకునేందుకు, ప్రయాణానికి తీసుకువెళ్ళేందుకు ధాన్యాన్ని ఏరి, కడిగి, ఆరబెట్టి, చిన్న మొత్తమైతే మిక్సీలోనే పట్టుకోండి. మరకు వెళ్ళక తప్పకపోతే, పొద్దున్నే మర శుభ్రం చేసిన వెంటనే బియ్యం ఆడించేలా మాట్లాడుకుని, దాని తరువాత మీ ధాన్యం పోయించుకోండి. ఓట్స్ విషయంలోనూ ఈ కల్తీ భయం ఉంది, పైగా కొందరు పిల్లలకు స్వచ్ఛమైన ఓట్స్ కూడా పడవు. వైద్యులు చెప్పే వరకు వాటి జోలికి వెళ్ళకండి.

హోటల్‌లో ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

వడ్డించే అబ్బాయిని కాదు, వంట మాస్టర్‌ను అడగాలి. గ్లూటెన్ అనే మాట చిన్న హోటళ్ళలో చాలామందికి తెలియదు. తెలియని మాటకు మర్యాద కోసం తల ఊపి, ‘ఏం లేదు సార్’ అనేస్తారు. అందువల్ల వారికి తెలిసిన పదార్థాల పేర్లతోనే చెప్పాలి. రద్దీ వేళ కాకుండా, మధ్యాహ్నం పన్నెండు లోపు గానీ, రాత్రి ఏడు లోపు గానీ వెళితే వారికి వినే తీరిక ఉంటుంది. ఈ కింది మాటలు ఒక కాగితం మీద రాసి, పర్సులో పెట్టుకుంటే ఎవరు వెంట వెళ్ళినా ఉపయోగపడతాయి.

‘అన్నా, మా పాపకు గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ పడవు. కొంచెం తగిలినా జబ్బు చేస్తుంది, డాక్టరు గారు అస్సలు పెట్టొద్దన్నారు. ఈ వంటలో అవి ఏమైనా కలిపారా? ఇంగువ వేశారా? చపాతీ కాల్చిన పెనం మీద గానీ, పూరీలు వేయించిన నూనెలో గానీ చేశారా? కడిగిన గరిటెతో విడిగా కొంచెం పెట్టించండి.’

ఇష్టం లేదని చెప్పడానికీ జబ్బు చేస్తుందని చెప్పడానికీ ఎంతో తేడా ఉంది. రెండోది విన్నాక వంటవారు నిజంగానే ఆలోచిస్తారు. జవాబులో తడబాటు ఉంటే, అన్నం, పెరుగు, అరటిపండు తీసుకుని బయటపడండి. సరిగ్గా చెప్పి, శ్రద్ధగా పెట్టిన హోటల్‌కు మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. రెండు మూడుసార్లకే వారు మీ బిడ్డను గుర్తుపడతారు. ఒక ఊరిలో అలాంటి చోట్లు రెండు ఉన్నా కుటుంబానికి చాలు.

దేశంలో పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్ళు, కేంద్ర లైసెన్సుతో నడిచే హోటళ్ళు తమ వంటకాల్లోని అలర్జీ కారకాల సమాచారం ఇవ్వాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. హైదరాబాద్, బెంగళూరు వెళ్ళినప్పుడు పెద్ద గొలుసు హోటళ్ళలో ఆ వివరం అడిగి తీసుకోవచ్చు. మన ఊరి మెస్‌కు ఆ నియమం వర్తించదు, అక్కడ మాస్టర్ మాటే ఆధారం.

‘ఒక్క ముక్క తింటే ఏమవుతుంది’ అనే పెద్దలకు ఏం చెప్పాలి?

ఈ ప్రశ్నే తల్లులను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే అడిగేవారు ప్రేమతోనే అడుగుతారు. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దత్త తమ చేత్తో ఓళిగ చేసి మనుమడికి పెట్టలేకపోవడం వారికి చిన్న లోటు కాదు. వాదించడం కంటే రెండు పనులు చేయడం మేలు. మొదటిది, బిడ్డను వైద్యుడికి చూపించడానికి వెళ్ళేటప్పుడు ఒకసారి వారిని కూడా వెంట తీసుకువెళ్ళడం. కోడలు చెప్పిన దానికంటే డాక్టరు చెప్పిన దానికి విలువ ఎక్కువ. రెండవది, వారి చేతి వంటల్లో బిడ్డ తినగలిగినవి వారికే అడిగి చేయించుకోవడం: అత్తిరసాలు, నువ్వుండలు, సెనక్కాయ ఉండలు, బొరుగుల ఉండలు, కొబ్బరి లౌజు, బియ్యపు పాయసం, శనగపిండి లడ్డు. పెట్టగలిగింది చేతిలో ఉన్నప్పుడు పెట్టలేని దాని గురించిన పట్టుదల చాలావరకు తగ్గుతుంది.

ఈ జబ్బులు మా కాలంలో లేవని కొందరంటారు. ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు. నెదర్లాండ్స్‌లో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు 1940లలోనే దీనికి గోధుమతో ఉన్న సంబంధాన్ని గుర్తించాడు. 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ జబ్బు పడడం ఆయన అభిప్రాయాన్ని బలపరిచాయి. మన జిల్లాల్లో ఒకప్పుడు జొన్న, కొర్ర, రాగి తినేవారు కనుక అప్పట్లో ఇక్కడ ఈ జబ్బు ఉన్నా బయటపడే అవకాశం తక్కువగా ఉండేది అనుకోవడం న్యాయమే.

పెళ్ళి భోజనంలో ఎలా నెగ్గుకురావాలి?

బిడ్డకు ఇంట్లో సగం కడుపు నింపి తీసుకువెళ్ళండి. ముహూర్తానికి ముందే వంటశాలలోకి వెళ్ళి మాస్టర్‌ను కలిసి, మామూలు అన్నం, తిరగమోత పెట్టకముందు తీసిన పప్పు, పెరుగు విడిగా ఒక గిన్నెలో తీయించి పెట్టుకోండి. బంతి భోజనంలో బిడ్డ విస్తరి పక్కన మీరే కూర్చుని, ఓళిగ, పూరీ, అప్పడం ఆ విస్తరిలో వడ్డించకుండా ముందే చెప్పండి. మూలన పడిన ఓళిగను తీసేసినా దాని పొడి అన్నంలో కలుస్తుంది. బఫే అయితే చపాతీ ముక్కలున్న పళ్ళేలతో జనం వస్తూ, ఒక గరిటెను ఇంకో పాత్రలో పెడుతుంటారు కనుక, వడ్డన మొదలయ్యే ముందే తీసుకోవడం తప్ప మార్గం లేదు. ఐస్‌క్రీమ్ కప్పులో ఇప్పించండి, కోన్ గోధుమది.

పుణ్యక్షేత్రాల్లో ప్రసాదం తీసుకోవచ్చా?

ప్రసాదాన్ని బట్టి చెప్పాలి. చక్కెర పొంగలి, వడపప్పు, పానకం, కొబ్బరి, అటుకులు, పండ్లు తీసుకోవచ్చు. తిరుమల లడ్డు శనగపిండి, చక్కెర, నెయ్యి, యాలకులు, జీడిపప్పు, ఎండుద్రాక్షలతో చేసేది, దాని పదార్థాల్లో గోధుమ లేదు. సత్యనారాయణ వ్రత ప్రసాదం రవ్వతో చేసేదే, అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వ, బెల్లంతో చేసేది. ఇవి బిడ్డకు పెట్టకూడదు. పులిహోర, దద్ధ్యోజనం ఇంగువ సంగతి తెలిస్తేనే. తెలియని ప్రసాదం బిడ్డ కళ్ళకు అద్ది మీరు స్వీకరించండి, భక్తికి అందులో లోపమేమీ లేదు.

మంత్రాలయం, అహోబిలం, యాగంటి వంటి చోట్ల నిత్యాన్నదానాల్లో అన్నం ఎప్పుడూ ఉంటుంది. అన్నం, మజ్జిగ లేదా పెరుగు అడిగి, మన పొడి కలిపి పెట్టడం సులువు. శ్రీశైలం ప్రయాణానికి మాత్రం ప్రత్యేకంగా సిద్ధం కావాలి. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. నల్లమల లోపలి దారిలో హోటళ్ళు తక్కువ, పులుల అభయారణ్యం కనుక రాత్రివేళ దారి మూసివేస్తారు. ఆలస్యమైతే ఆ రాత్రి ఎక్కడో ఒకచోట ఆగవలసి రావచ్చు. ఒక పూటకు సరిపడే ఆహారం కాదు, రెండు పూటలది డబ్బాలో ఉండాలి. గండికోట, బెలుం గుహలకు వెళ్ళేటప్పుడూ అంతే.

క్యాథలిక్ కుటుంబాలు కూడా ఈ ప్రశ్న అడుగుతాయి. దివ్యసత్ప్రసాదపు అప్పం గోధుమతోనే చేయాలన్నది ఆ సంఘ నియమం; గ్లూటెన్ చాలా తగ్గించిన అప్పాలకూ, ద్రాక్షారసం మాత్రమే స్వీకరించడానికీ అనుమతి ఉంది. పిల్లల మొదటి సత్ప్రసాదానికి చాలా ముందే గురువుగారితో, వైద్యుడితో మాట్లాడుకోండి.

రంజాన్ విందులో ఏవి తినవచ్చు?

హలీం వద్దు, దానికి మూలమే గోధుమ. షీర్ ఖుర్మాలో సేమ్యా ఉంటుంది. బిర్యానీ చాలావరకు బియ్యం, మాంసం, మసాలాలే, కానీ దమ్ కోసం మూత చుట్టూ గోధుమ పిండి ముద్ద అంటించే పద్ధతి ఉంది. ఆ పిండి రాలే అంచు దగ్గర కాకుండా మధ్య నుంచి తీయించడం కూడా నాకు నమ్మకం కలిగించదు, మూతను బరువుతో బిగించారా, పిండితో బిగించారా అని అడగడమే మేలు. ఖర్జూరాలు, పండ్లు, పాలు నిశ్చింతగా పెట్టవచ్చు.

కారులో, రైలులో, విమానంలో వెళ్ళేటప్పుడు ఏం వెంట ఉండాలి?

మా సంచిలో ఎప్పుడూ ఉండేవి: అటుకులు, బొరుగులు, పప్పుల పొడి, చిన్న సీసాలో నెయ్యి, సెనక్కాయ ఉండలు, ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు, బిడ్డ సొంత పళ్ళెం, చెంచా, గ్లాసు. అటుకులు అన్నిటికంటే అక్కరకు వస్తాయి. వేడినీళ్ళు దొరికినా చాలు, పెరుగు దొరికినా చాలు, పది నిమిషాల్లో భోజనమవుతుంది. ఒకటి రెండు రాత్రులు బస చేసే ప్రయాణమైతే చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, బియ్యం, పెసరపప్పు తీసుకువెళ్ళండి.

44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్ళే దారిలో హోటళ్ళకు కొదవ లేదు, అయితే ధాబాలలో తందూరీ రొట్టెలు, పరోటాల పిండి గాలిలోనే ఉంటుంది కనుక ఇడ్లీ, అన్నం ప్రధానంగా పెట్టే చోట ఆగండి. కర్ణాటకలో అడిగేటప్పుడు గోధుమను గోధి అనీ, జొన్నను జోళ అనీ అంటారని గుర్తుంచుకోండి. హిందీ మాట్లాడేవారి దగ్గర గోధుమకు గేహూ, బొంబాయి రవ్వకు సూజీ, బార్లీకి జౌ అని చెప్పాలి.

రైలులో ప్యాంట్రీ భోజనం మీద ఆధారపడకండి. కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య కర్నూలు, అనంతపురం మీదుగా 2023 నుంచి నడుస్తున్న వందేభారత్‌లో టికెట్ తీసుకునేటప్పుడే భోజనం వద్దని ఎంచుకోవచ్చు. గుంతకల్లు వంటి పెద్ద జంక్షన్లలో రైలు ఎక్కువసేపు ఆగినా, ప్లాట్‌ఫారం మీద నిలబడి వంట వివరాలు కనుక్కునే వ్యవధి ఉండదు. అక్కడ పండ్లు, పాలు, నీళ్ళు కొనడం వరకే పెట్టుకోండి.

భోజనం పెట్టే విమానాల్లో గ్లూటెన్ లేని భోజనానికి జి.ఎఫ్.ఎం.ఎల్. అనే సంకేతం ఉంది. ప్రయాణానికి కనీసం 24 నుంచి 48 గంటల ముందు అడగాలి, ఎక్కేముందు మరోసారి నిర్ధారించుకోవాలి. అడిగినా రాని సందర్భాలుంటాయి కనుక బిడ్డ డబ్బా చేతి సంచిలోనే ఉండాలి. యూరప్ సమాఖ్య దేశాల్లో 2014 డిసెంబరు నుంచి హోటళ్ళు కూడా గోధుమ వంటి అలర్జీ కారకాల వివరం చెప్పి తీరాలి, అక్కడ అడగడం మన దగ్గర కంటే సులువు.

దారిలో కొనే ప్యాకెట్లను ఎలా నమ్మాలి?

మన దేశంలో కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ ఉంటేనే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ముద్రించాలి. ఆ ముద్ర లేకపోతే పదార్థాల పట్టికలో వీట్, మైదా, సూజీ, బార్లీ, రై, మాల్ట్, ఓట్స్ అనే మాటల కోసం చూడండి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలను అలర్జీ సమాచారం కింద విడిగా కూడా చెప్పాలన్నది నిబంధన. హార్లిక్స్, బూస్ట్, బోర్న్‌విటా వంటి పిల్లల పొడుల్లో బార్లీ మాల్ట్ ఉంటుంది. రాగి మాల్ట్ ఇంట్లో మొలకెత్తించి చేసుకున్నదైతే మంచిదే, ప్యాకెట్‌దైతే గోధుమ, బార్లీ కలిపారేమో చదవాలి. ఎండాకాలంలో వేడి తగ్గుతుందని పెట్టే బార్లీ నీళ్ళు ఈ పిల్లలకు విషంతో సమానం. ఊరు వెళ్ళినప్పుడు ఇరుగుపొరుగువారు ప్రేమతో ఇచ్చే మొదటి గ్లాసు అదే కావచ్చు. మసాలా చిప్స్ పట్టిక కూడా చదవకుండా ఇవ్వకండి.

ప్రయాణంలో మిగతా కుటుంబం కూడా గోధుమ మానాలా?

అవసరం లేదు, కానీ ఒకే గదిలో, ఒకే కారులో ఉన్నప్పుడు బిస్కెట్ పొడి ఎక్కడపడితే అక్కడ రాలుతుంది. రెండు మూడేళ్ళ తమ్ముడు తన చేతిలోది అక్క నోట్లో పెడతాడు. ప్రయాణం వరకు అందరూ ఒకే రకం తినడం మాకు తేలికగా ఉంటుంది. సీలియాక్ ఉన్న బిడ్డ తోబుట్టువులకూ, తల్లిదండ్రులకూ ఈ వ్యాధి ఉండే అవకాశం సుమారు పదింట ఒకటి, కనుక వారికీ రక్తపరీక్ష చేయించాలి. ఆ పరీక్ష అయ్యేంతవరకు చిన్నవాడికి ఇంట్లో మామూలు ఆహారమే పెట్టండి.

బిడ్డకు ఏ వయసులో చెప్పాలి?

మాటలు వచ్చిన నాటి నుంచే. ‘అమ్మను అడిగి తింటా’ అనే ఒక్క మాట మూడేళ్ళ పిల్ల కూడా నేర్చుకుంటుంది. బడి విహారయాత్రకు పంపేటప్పుడు టీచరుగారికి రాసిన కాగితం, విడి డబ్బా, పుట్టినరోజు కేకుకు బదులుగా బిడ్డ ఇష్టపడే మిఠాయి ఒకటి ముందే ఇచ్చి ఉంచండి.

పొరపాటున తినేస్తే ఏం చేయాలి?

దానికి విరుగుడు మందు లేదు, వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. కొందరు పిల్లలకు గంటల్లోనే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కొందరికి పైకి ఏమీ కనిపించదు, అయినా లోపల హాని జరుగుతుంది కనుక ‘ఏమీ కాలేదు కదా’ అని మళ్ళీ పెట్టకూడదు. ఓ.ఆర్.ఎస్. కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తూ, అన్నం, మజ్జిగ, అరటిపండు వంటి తేలికైన ఆహారం ఇవ్వండి. వాంతులు ఆగకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా దగ్గరలోని ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళాలి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవడం సీలియాక్ లక్షణాలు కావు, అవి అలర్జీ లక్షణాలు. వాటికి ఒక్క నిమిషం కూడా ఆలస్యం పనికిరాదు.

ఏం తిన్నది, ఎక్కడ తిన్నది, ఎన్ని గంటలకు లక్షణాలు మొదలైందీ ఆ రోజే రాసి పెట్టుకోండి. తరువాత వైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు, ముఖ్యంగా టి.టి.జి. విలువ తగ్గవలసినంత తగ్గనప్పుడు, ఆ కాగితమే ఏ హోటల్ భోజనం మానాలో, ఏ డబ్బా ఇంగువ మార్చాలో తేలుస్తుంది.